సమాయిల్ ఇంటి కప్పులో రంగు వెయ్యని ఆకు

నా పుస్తకానికి రావలసిన బహుమతి నేను ఒమాన్ వెళ్ళినందువల్ల రాకుండా పోయింది. ఇంట్లో కూర్చుని ఉంటే వచ్చేదే. తిరిగొచ్చాక నన్ను చూడటానికి వచ్చినవాళ్ళెవరూ "ఎలా ఉందండీ ఒమాను?" అనడం లేదు, "అయ్యో, ఏం జరిగిందండీ?" అంటున్నారు. నలుగురైదుగురికి చెప్పేసరికి నోరు నొప్పెట్టి, అందరికీ కలిపి ఒకేసారి రాసేద్దామని కూర్చున్నాను. ప్రయాణం మాత్రం చాలా బాగా జరిగింది. జాలిపడుతూ చదవొద్దని ముందే మనవి.

నేను కాకినాడలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. పదిహేడో శతాబ్దంలో మన కృష్ణా తీరం నుంచి ఓడలెక్కి గల్ఫ్ దేశాలకి వెళ్ళిన అద్దకం బట్టల మీద పదకొండేళ్ళు తిరిగి ఒక పుస్తకం రాశాను. ఆ బట్టల మీది తీగలూ పువ్వులూ అక్కడి ఇళ్ళ గోడలకీ కప్పులకీ ఎలా ఎక్కాయన్నది నా వాదన. అందులో ఐదో అధ్యాయమంతా సమాయిల్ అనే ఊళ్ళోని ఒక పాత ఇంటి చెక్క కప్పు గురించే. ఆ కప్పుని నేను చూడలేదు. ఒక విదేశీ ఆచార్యుడు తీసి పంపిన అరచేతంత నలుపు తెలుపు ఫోటో చూసి రాశాను. ఫోటోలో ఒక తీగ, తీగ మధ్యలో పువ్వు, చుట్టూ నిండుగా ఆకులు. ఒక్క ఆకు మాత్రం గీత గీసి, రంగు వెయ్యకుండా వదిలేసి ఉంది. పెడన దగ్గర ఒక ముసలి అద్దకం పనివాడు పనికి దిష్టి తగలకుండా అచ్చం అలాగే ఒక ఆకు వదిలెయ్యడం నేను కళ్ళారా చూశాను. ఇంకేముంది, మూడొందల ఏళ్ళ కిందట ఒక తెలుగువాడు ఓడ దిగి వెళ్ళి ఆ కప్పుకి రంగులు వేశాడని ముప్పై పేజీలు రాసేశాను. వేరే దేశం పండితుడైతే ఆ ఆకుని పట్టించుకునేవాడే కాదు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే తెలుగువాళ్ళకే సాధ్యం.

ఆ కాలపు కళా చరిత్ర పుస్తకాలకి ఏటా బహుమతి ఇచ్చే ఒక విదేశీ పండితుల సంఘం నా పుస్తకాన్ని ఎంపిక చేసింది. ఐదో అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ, ప్రకటనతో పాటు అచ్చు వెయ్యడానికి ఆ పువ్వుది రంగుల ఫోటో ఒకటి కావాలని ఉత్తరం రాశారు. మా పెదనాన్నగారబ్బాయి ప్రసాదన్నయ్య మస్కట్‌లో ఇంజనీరు. "నువ్వు టికెట్ కొనుక్కుని వచ్చెయ్యి, మిగతావన్నీ నేను చూసుకుంటా" అన్నాడు. కెమెరా, నాలుగు రీళ్ళు, వదిన కోసం ఆవకాయ సీసా పట్టుకుని బయల్దేరాను.

రూవీ

విమానాశ్రయంలో కుర్ర అధికారి ఆవకాయ సీసా మూత తీసి వాసన చూసి, గట్టిగా తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి పంపించేశాడు. కెమెరా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అన్నయ్యవాళ్ళుండే రూవీ మస్కట్‌లో బజారు పేట. చుట్టూ గోధుమరంగు కొండలు, ఒక్కదాని మీదా గడ్డిపరక లేదు. కొండంటే పచ్చగా ఉండాలనుకునే గోదావరి జిల్లా కంటికి మొదటి రోజు అదోలా అనిపించింది. రెండో రోజుకి వాటి మీద ఎండ మారుతుంటే చూస్తూ కూర్చోవడం అలవాటైంది. కింద హోటల్లో చాయ్ యాభై బైసలు. మన రూపాయల్లోకి మార్చుకుంటే గొంతు దిగదని, మార్చుకోవద్దని విమల వదిన మొదటే హెచ్చరించింది.

వదిన అప్పటికే ఆ భవనంలో ఉన్న ఆరు తెలుగు కుటుంబాలకీ నా బహుమతి సంగతి చెప్పేసింది. శుక్రవారం సాయంత్రం అందరినీ ఫలహారానికి పిలిచింది కూడా. మెట్ల మీద కనిపించిన ఒకావిడ "మీరేనా అండీ బహుమతి ఆవిడ?" అని నా చేతులు పట్టుకుంది. పైకి మొహమాటపడ్డాను గానీ లోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా కాలేజీలో పదకొండేళ్ళుగా నా పనిని "చీరల పుస్తకం" అంటూ వచ్చారు మరి.

రుస్తాఖ్

మర్నాడు అన్నయ్యకి రుస్తాఖ్‌లో సైట్ పని ఉంటే నన్నూ తీసుకెళ్ళాడు. అతను సైట్‌లో ఉన్నంతసేపూ నేను బజారులో హల్వా చేసే కొట్టు ముందు నిలబడిపోయాను. స్నానాల గదంత రాగి కళాయి, అందులో తెడ్డు తిప్పుతూ ఒక పెద్దాయన. రెండు గంటలకి పైగా ఆపకుండా తిప్పాలట. నెయ్యి, కుంకుమపువ్వు, పన్నీరు కలిసిన వాసన వీధి చివరికి కూడా వస్తోంది. మన కాకినాడ కాజా చేసేవాళ్ళయితే ఆడమనిషి అంతసేపు నిలబడి చూస్తే ఏం కావాలమ్మా అని కసురుకుంటారు. ఆయన తెడ్డు ఆపకుండానే తలూపి, చెంచాతో వేడివేడిగా ఆకు మీద పెట్టించాడు. నాలుక కాలింది. కాలినా వదల్లేదు. అర కిలో కొన్నాను, డబ్బులు తీసుకుంటూ ఇంకో గుప్పెడు పైన వేశాడు.

కారులో వస్తుంటే అన్నయ్య అడిగాడు. "రేపు ఆ కప్పు చూశాక ఏం చేస్తావే?"

"ఫోటో తీస్తాను. తర్వాత కాసేపు ఏడుస్తానేమో" అన్నాను. సరదాకి అన్న మాట.

సమాయిల్

సమాయిల్ అంతా ఖర్జూరం తోటలే. రెండు బోడి కొండల మధ్య అంత పచ్చదనం ఎక్కణ్ణించి వచ్చిందా అని చూస్తే, తోటల గుండా సన్నటి కాలువ. ఫలజ్ అంటారు. ఎక్కడో కొండ కింద పుట్టిన నీళ్ళు ఊరంతా తిరుగుతాయి. ఒక్కో తోటకి ఇన్ని గంటలని వంతు. మన కాలువల కింద వంతు నీళ్ళ కోసం తలలు పగిలిన ఊళ్ళు నాకు తెలుసు. ఇక్కడ గట్టు మీద కూర్చుని, నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి నీళ్ళు మళ్ళిస్తున్నారు.

ఇంటాయన పేరు హమద్. డెబ్భై దాటి ఉంటాయి. కుర్రతనంలో ఖర్జూరం అమ్మడానికి బొంబాయి వెళ్ళి కొన్నేళ్ళు ఉన్నాడట, హిందీ ధారాళంగా మాట్లాడతాడు. కప్పు ఉన్నది మగవాళ్ళు కూర్చునే గదిలో. మగవాళ్ళంతా నమాజుకి వెళ్ళేదాకా నన్ను లోపల ఆడవాళ్ళ గదిలో కూర్చోబెట్టారు. వాళ్ళకి హిందీ రాదు, నాకు అరబ్బీ రాదు. నా గాజులు వాళ్ళు చూశారు, వాళ్ళ గోరింట నేను చూశాను. ఇంటావిడ సాంబ్రాణి ధూపం తెచ్చి నా జడ కింద పట్టింది. మా అమ్మ తలంటు రోజున అలాగే పట్టేది. ఒక్క క్షణం ఏ దేశంలో ఉన్నానో మర్చిపోయాను.

ముందు ఖర్జూరం, తర్వాత చిన్న గిన్నెల్లో ఏలకుల కాఫీ. తాగిన ప్రతిసారీ మళ్ళీ పోస్తున్నారు. పోసినదాన్ని వదలకూడదేమోనని నేను మళ్ళీ తాగుతున్నాను. ఏడో గిన్నె దగ్గర పక్కనున్న పిల్ల జాలిపడి, నా చెయ్యి పట్టుకుని గిన్నెని అటూ ఇటూ ఊపించింది. అలా ఊపితే చాలని అర్థమట. గుండె దడదడలాడుతుండగా కప్పు చూడటానికి వెళ్ళాను. దడ కాఫీదో, కప్పుదో.

తలెత్తి చూశాను. చెక్క చెక్కకీ చుక్కలు, తీగలు, నక్షత్రాలు. ఎరుపూ నలుపూ వెలిసిపోయి పాత పట్టుచీర రంగుకి వచ్చాయి. నా పువ్వు కిటికీ పక్క చెక్క మీద ఉంది. ఫోటోకి నిచ్చెన కావాలంటే హమద్ నమాజుకి వెళ్తూ ఎవరికో కబురు పెట్టాడు. పక్క వీధిలో పనిచేస్తున్న మనిషి అల్యూమినియం నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా నిండా సున్నం మరకలు. నిచ్చెన వేసి, కింద గట్టిగా పట్టుకున్నాడు.

ఐదు మెట్లు ఎక్కేసరికి నిచ్చెన కాస్త కదిలింది. "అమ్మో!" అన్నాను.

"భయపడకున్రమ్మా, నేను పట్టుకున్న. ఆ చెక్క పట్టుకోన్రి, గట్టిదే. నేనే కొట్టిన మొలలు" అన్నాడు కింద నుంచి.

తెలుగు వినిపించిన సంతోషంలో మొదట ఆ మాట ఏమిటో ఎక్కలేదు. చెక్కకి చెయ్యి ఆనించి పువ్వుని దగ్గరగా చూశాను. మెరుస్తోంది. పక్క చెక్కల రంగు పొడిపొడిగా ఉంటే, ఈ రంగు మా ఇంటి తలుపులా మెరుస్తోంది. డబ్బా పెయింటు.

"ఈ చెక్క మీరు మార్చారా?"

"అవ్, చెదలు తిన్నది గద. కంపెనీల కొత్తగ అచ్చినప్పుడు ఈ ఇల్లు రిపేర్ జేసినం. పువ్వు గూడ నేనే ఏసిన."

నిచ్చెన దిగి అక్కడే నేల మీద కూర్చున్నాను. అన్నయ్య కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చాడు. ఏడుపొచ్చింది. బహుమతి పోయిందనే వచ్చింది, అబద్ధం ఎందుకు. పదకొండేళ్ళు, ముప్పై పేజీలు, మెట్ల మీద ఆవిడ, కాలేజీలో వాళ్ళు, అందరూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు.

అతని పేరు రాజన్న, ఊరు నిర్మల్. తరతరాలుగా బొమ్మలకీ పలకలకీ రంగులు వేసే నఖాషీ ఇంటివాడు. ఇక్కడికి పెయింటర్‌గా వచ్చాడు. "రాజన్న గారూ, అసలేం జరిగిందో చెప్పండి" అంటే సిగ్గుపడ్డాడు.

"గారు ఏందమ్మా, రాజన్న అనున్రి. ఫోర్మన్ ఒక్క తీరు గోధుమరంగు పూసి ఇడిసిపెట్టుమన్నడు. గంత మంచి కప్పుల ఒక్క చెక్క బోడిగ ఉంటె నాకు పానం ఒప్పలే. పగటాల రెండు గంటలు రెస్టు ఉంటది గద, అందరు పండుకుంటె నేను పరంజ మీద ఎల్లెలకల పండుకొని ఏసిన. మేక ఎంటికెలతోని కుంచె కట్టుకున్న. పదమూడు దినాలు పట్టింది. పక్క చెక్కల తీగె సూసి, మా తీరు కలిపిన."

"మరి ఆ ఆకు?"

అతను తలెత్తి ఆకు వైపు చూసి నవ్వాడు. "గది మా లచ్చిమిది. మా ఇంటామె. మా పనిల గీతలు మొగోళ్ళయి, రంగులు నింపేది ఆడోళ్ళు. ఎంత పని జేసినా లచ్చిమి ఒక్క ఆకు ఇడుస్తది, దిష్టి తాకదని. ఈడ రంగులు గూడ నేనే నింపుకోవాల్సొచ్చె. ఆఖరి ఆకు కాడికి అచ్చినంక చెయ్యి ఆడలే. ఆమె లెక్కనే ఇడిసిపెట్టిన."

నా వాదన పూర్తిగా తప్పు కూడా కాదని అప్పుడు తట్టి, కూర్చున్నచోటే నవ్వొచ్చింది. తెలుగు చెయ్యే. దిష్టి ఆకే. మూడొందల ఏళ్ళు మాత్రం తేడా.

నమాజు నుంచి వచ్చిన హమద్‌ని అడిగాను, ఈ చెక్క కొత్తదని ఆచార్యుడికి ఎందుకు చెప్పలేదని. ఆయన ఆశ్చర్యపోయాడు. "ఆయన మా తాతల గురించి అడిగాడు, చెప్పాను. ఈ చెక్క గురించి అడగలేదు. అడిగితే రాజన్ననే పిలిపించేవాణ్ణి. మా ఇంట్లో పువ్వు పెట్టినవాడు. సెలవు రోజున ఇతని భోజనం ఇక్కడే, తెలుసా?"

వెళ్ళేముందు నా పుస్తకం సంగతి రాజన్నకి చెప్పాను. దాచలేకపోయాను. అతను గొంతు తగ్గించి అన్నాడు. "ఎవ్వలకు చెప్పకున్రమ్మా. మీ ఇనాం పోతది. నేను గూడ చెప్ప. నా పువ్వుకు మూడొందల ఏండ్ల వయసు ఎక్కించిన్రు, నాకు మంచిదే గద."

అంత దయగా ఎవరైనా మాట్లాడితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. నమస్కారం పెట్టి కారెక్కాను.

మళ్ళీ రూవీ

దారి పొడుగునా అన్నయ్య కూడా అదే మాట. "ఇప్పుడు మాట్లాడకు. బహుమతి తీసుకో. తర్వాతి అచ్చులో సరిదిద్దుకో. చెక్క మాట నీకూ నాకూ తప్ప ఎవడికి తెలుసు?" నా మీద ప్రేమతో అన్నదే. నాకూ ఆ మాట తియ్యగానే వినిపించింది. రీలు ఇచ్చి ఫోటోలు కడిగించాను. రంగుల్లో పువ్వు ఎంత బాగా వచ్చిందంటే, దాన్నే కవర్లో పెట్టి పంపించేస్తే చాలు. ఏ గొడవా ఉండదు.

శుక్రవారం మధ్యాహ్నం వదిన వంటింట్లో పులిహోరకి పోపు వేస్తోంది. సాయంత్రం వచ్చే అతిథుల కోసం. గుమ్మంలో నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆవిడ పొయ్యి ఆర్పి, ఫోటో తీసుకుని చూసింది.

"ఇతను బతికున్నాడు కదా శారదా?" అంది.

"ఉన్నాడు వదినా."

"మరి బతికున్నవాడి పువ్వుని ఎప్పుడో పోయినవాడికి ఎలా ఇచ్చేస్తావు?"

అనేసి మళ్ళీ పొయ్యి వెలిగించుకుంది. నేను గదిలోకి వెళ్ళి సంఘానికి ఉత్తరం రాశాను. కిటికీ పక్క చెక్క కొత్తదని, దాని మీది పువ్వు నిర్మల్ వాస్తవ్యుడు రాజన్న వేశాడని, ఐదో అధ్యాయం నిలబడదని, బహుమతి విషయం వాళ్ళే తేల్చుకోవాలని. నాలుగు వాక్యాలకి మూడు గంటలు పట్టింది. రెండుసార్లు చింపాను.

సాయంత్రం అతిథులు వచ్చారు. బహుమతి మాట ఎత్తకముందే నేనే చెప్పేశాను. మెట్ల మీద కనిపించిన ఆవిడే ముందుగా "అయితే ఆ పువ్వుని మేం కూడా వెళ్ళి చూడొచ్చా?" అంది. తర్వాత పులిహోర అంతా అయిపోయింది.

మళ్ళీ సమాయిల్

ఉత్తరం వెంటనే పోస్టు చెయ్యలేదు. పేరు రాజన్నది, అడగకుండా పంపడం ఏం న్యాయం? విమానానికి ముందు రోజు వదిన, నేను కలిసి వెళ్ళాం. వదిన అతని కోసం డబ్బాలో పులిహోర, గోంగూర పచ్చడి సర్దింది.

రాజన్న ఫలజ్ గట్టు మీద కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. ఫోటో ఇచ్చాను. తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, అంచులు మాత్రం పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒక్కటి ఎక్కువ ఉంటె లచ్చిమికి పంపిస్త. ఈడ సిమెంట్ల పడి చెయ్యి మొద్దుబారి ఉంటదని ఆమె భయం. ఈ పువ్వు ఏసిన అంటె నమ్మలే."

రెండో కాపీ కూడా తెచ్చానని చెప్పాను. ఊరెళ్ళాక నేనే పోస్టు చేస్తానన్నాను. తర్వాత ఉత్తరం తీసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ చదివాను. అతను కళ్ళు నేలకి దించి విన్నాడు. తన పేరు వచ్చినచోట ఉలిక్కిపడ్డాడు.

"మీ ఇనాం?"

"పోతుంది రాజన్నా. పోతే పోనీ అనలేను, నాకు బాధగానే ఉంది. కానీ పంపుతాను. నీ పేరు ఉండటం నీకు ఇష్టమేనా?"

అతను నేను చదివిన కాగితం వైపే చూస్తున్నాడు. ఒప్పుకోడేమోనని భయపడ్డాను. వదిన నా చెయ్యి నొక్కింది.

"మల్లోపారి సదువున్రి" అన్నాడు.

మళ్ళీ చదివాను. ఈసారి తలెత్తి సూటిగా నన్నే చూశాడు. మొదటిసారి అతని గొంతులో అధికారం వినిపించింది. నాకు చిన్నప్పుడు కూడికలు దిద్దిన మేష్టారి గొంతు అలా ఉండేది.

"గిది గూడ తప్పే అమ్మా. పువ్వు నేను ఏసిన, సరే. ఆకు ఇడిసిన తెలివి నాది గాదు, లచ్చిమిది. మీరు అసలు పట్టుకున్నది గా ఆకునే గద? ఆమె పేరు లేకుంటె మల్ల తప్పు రాసినట్లే."

పదకొండేళ్ళలో నా పుస్తకాన్ని ఎంతమంది పండితులు చదివారో. ఈ మాట అన్నవాడు ఒక్కడూ లేడు. గట్టు మీదే ఉత్తరం మోకాలి మీద పెట్టుకుని, కలం మూత తీశాను.

"ఇంటిపేరుతో సహా చెప్పు రాజన్నా, ఆవిడ పేరు" అన్నాను.

అతను చెప్పాడు. నేను రాశాను.